తమ్ముని తువ్వాల

అరవైల చివర యూనివర్సిటీలో మేం కొందరు విద్యార్థులం కలిసి రైతుల కోసం ఆరోగ్య సభ పెట్టాం. పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ ఎలా కట్టుకోవాలో ఒక డాక్టరు చూపించాడు. సాయంత్రం తార్నాకలో ఉప్పల్ బస్సెక్కితే, సభకు వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి, ముక్కు మీదుగా కట్టుకొని, నావైపు తిరిగాడు.

"గిట్లనేనా సారు?"

"ముడి ఇంకాస్త బిగించండి," అన్నాను.

బిగించాడు.

"గిది మా తమ్మునిది. మందు ఘాటున్నదా లేదా అని డబ్బా మూత తీసి వాసన చూసేటోడు. ఊరోళ్లంత వానికే తెచ్చి చూపిచ్చేటోళ్లు. వంకాయ తోటకు మందు కొట్టంగ గీ తువ్వాల నెత్తికి చుట్టుకున్నడు, ఎండకని. పొద్దుమూకేసరికి పానం పోయింది."

ఎప్పుడని అడిగాను.

"పోయిన నెల. మీ సభ జర ముందుగాల పెడ్తే ఏమయ్యేది సారు?"

ముందే పెట్టాలనుకున్నాం. పరీక్షలయ్యాక చూద్దామన్నది నేనే. హబ్సిగూడలో నేను దిగేదాకా ఆయన ఆ ముడి విప్పలేదు.