టపా డబ్బాల ఇరుక్కున్న పార్సిలు

నిజాం పాలన ఆఖరి రోజులు, ఎక్కడ జూసినా గొడవలు, బాంబుల భయం. కొత్తగ పెండ్లయి సిద్దిపేటకు కాపురానికొచ్చిన. బెజ్జంకిల మా అక్కకు బిడ్డ పుట్టిందని తెలిసి, చిన్న చిన్న అంగీలు కుట్టి, గుడ్డల చుట్టి, టపా బిళ్లలు అంటించి బజార్ల ఉన్న టపా డబ్బాల వేయబోయిన. పార్సిలు సగం పోయి ఇరుక్కున్నది. గుంజుతుంటే గస్తీ జవాను ఉరికొచ్చిండు.

“ఏం పెడుతున్నవ్? బాంబా?”

“కాదు సాబ్, పసిపిల్ల అంగీలు.”

ఆయన నమ్మలే. ఎదురుంగ ఉన్న కిరాణా దుకాణం సేటును, “ఈమె ఎవరు?” అని అడిగిండు. మేము రోజూ ఉప్పు, పప్పు కొనేది ఆ సేటు దగ్గరనే.

“నాకు తెల్వదు” అన్నడు సేటు.

జవాను పార్సిలును కత్తితో చీల్చి, అంగీలన్ని మట్టిల దులిపిండు. చుట్టూ మంది గుమిగూడి చూస్తుండ్రు. ఏమీ దొరకకపోయేసరికి, “మళ్ల గీడ కనబడితే జైల్ల వేస్త” అని బెదిరించి పోయిండు.

నేను అంగీలు ఏరుకుంటుంటే సేటు దిగొచ్చి, “ఏమనుకోకు బిడ్డా, లోపలికొచ్చి నీళ్లు తాగు” అన్నడు.

“నేనెవరో మీకు తెల్వదు గద” అని లేచి వచ్చేసిన.

మరునాడు అంగీలు ఉతికి, డాకుఖానకే పోయి పార్సిలు ఇచ్చిన. ఆ జవాను మొహం ఎప్పుడో మర్చిపోయిన. సేటు భయం కూడా తర్వాత అర్థమైంది. కానీ ఆ దుకాణం మెట్లు మళ్ల ఎక్కలే.