సరోజత్త తిల్దా ఎందుకు వెళ్ళేది

ముందుగా సమస్త బంధుమిత్రులకు సాష్టాంగపడి క్షమాపణలు. ఇలాంటి పోస్టులో ఉండాల్సిన బరువైన మాటలేవీ నా స్టాక్‌లో లేవు. ఉన్నా అత్త వాడనిచ్చేది కాదు.

నిన్న పొద్దున బ్రష్ నోట్లో ఉండగా మావయ్య ఫోన్. సరోజత్త నిద్రలోనే పోయింది.

నాకు ఏడుపు రాలేదు. నురగ మింగేశాను.

దొరికిన మొదటి బండెక్కి అత్త ఇంటికి వచ్చాను.

తెలియని వాళ్ళ కోసం: అత్త మా నాన్నకి అక్క. కాపురం రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. మావయ్యది రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఉద్యోగం. దసరా సెలవులొస్తే విజయనగరం నుంచి, భిలాయ్ నుంచి మా బలగమంతా ఆ చిన్న క్వార్టర్‌లోనే దిగేది.

అత్తకి ఒక అలవాటుండేది. పండగ మధ్యలో, మధ్యాహ్నం భోజనాలవగానే పర్సు పట్టుకుని ప్యాసింజర్ రైలెక్కి దగ్గర్లోని తిల్దా అనే ఊరికి వెళ్ళేది. సాయంత్రానికి వచ్చేసేది.

ఎందుకు?

మా ఫ్యామిలీలో ఇంతకు మించిన రీసెర్చ్ టాపిక్ లేదు. అక్కడ రైస్ మిల్లులున్నాయి కాబట్టి బియ్యం కోసమని నాన్న థియరీ. కానీ ఖాళీ చేతులతో వచ్చేది. ఏదో మొక్కు ఉందని అమ్మ థియరీ. మరి ప్రసాదం ఏది?

ఒక దసరాకి, వెళ్ళొద్దన్న పెదనాన్న మాట విని అత్త ఆగిపోయింది. ఆ సాయంత్రం వంటింట్లో చేతులు వణికి, ఊపిరాడక కూలబడింది. ఆస్పత్రికి పరిగెత్తాం. గుండె బాగానే ఉందని, మనసుకే రెస్ట్ లేదని డాక్టర్ చెప్పారు.

పెదనాన్న మాత్రం గ్యాస్ అని తేల్చారు.

మరుసటి దసరాకి ఆయన ఇంకో మెట్టెక్కారు. ఇంటినిండా చుట్టాలుండగా ఇల్లాలు షికారుకి పోతే, తానిక చెల్లెలి గడప తొక్కనని ప్రకటించారు.

అత్త చీర మార్చుకుని వచ్చింది. "పండక్కి అందరికీ ఛుట్టీ ఉంది. నా దిమాగ్‌కి అక్కర్లేదేటి అన్నియ్యా?" అని మెల్లగా అడిగి వెళ్ళిపోయింది.

మావయ్య లేచి, అందరికీ టీ పెట్టడానికి స్టవ్ వెలిగించారు.

అప్పుడే డిగ్రీలో చేరిన నేను గూఢచారిగా వెనకాలే పరిగెత్తాను. బోగీ ఎక్కగానే దొరికిపోయాను. తిల్దా దాకా నోరు తెరవకూడదన్న కండిషన్ మీద పక్కన కూర్చోనిచ్చింది. నా జీవితంలో అంత కఠినమైన ప్రయాణం మళ్ళీ చేయలేదు.

తిల్దాలో దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని టీ తాగింది.

అంతే. ఇంకేదో ఉంటుందని నేను చుట్టూ వెతికాను కూడా. చివరికి ఉండలేక అడిగేశాను.

"పొద్దున్నించి ఎవలేం మంచి సేసినారో గుర్తుకు తెచ్చుకుంతన్నానురా. ఇంట్లో ఉంటే కోపమే గుర్తుంతాది."

స్టేషన్‌లో ఎదురైన మావయ్యతో మేం తిరిగొచ్చేసరికి పెదనాన్న బ్యాగ్ సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. అత్త చెప్పులైనా విడవకుండా ఆయన ముందు నిలబడింది.

"రాత్రి నీ దుప్పటి పిల్లలకి కప్పీసి, నువ్వు తువ్వాలు కప్పుకుని తొంగున్నావు. సూసినాను అన్నియ్యా."

పెదనాన్న బ్యాగ్ లోపలికి జరిపారు. ఆ తర్వాత, ఆకలేస్తోందన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రతి ఒక్కరికీ అలాంటి మాట ఒకటి దక్కింది. ఆఖరికి నాకు కూడా. నోరు మూసుకుని కూర్చున్నందుకు.

మరి అత్తకి ఎవరు చెప్పేవారు? ఈ ప్రశ్న నాకు నిన్న తట్టింది. మావయ్యనే అడిగాను. ఆయన "ఏ ట్రెయిన్‌కి వస్తాదో తెలిసీది కాదు. అన్ని ట్రెయిన్లకీ స్టేషన్‌కి ఎల్లీవాణ్ణిరా" అన్నారు.

అది చాలనుకుంటాను.

నిన్న ఇల్లు మళ్ళీ నిండిపోయింది. వచ్చిన ప్రతివారూ ఎలా జరిగిందని ఆయన్నే అడిగారు. ఆయన ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పారు. సాయంత్రానికి ఆయన చేతులు వణకడం చూశాను.

వెళ్ళిరా అత్తా. నువ్వున్న చోట నిన్నెవరూ వంటింట్లోకి పిలవకుండా, నీ మనసు హాయిగా ఉండాలి.

చివరగా, మావయ్య నిద్రపోతున్నారని విని నిన్న గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిన పెద్దలందరికీ: ఆయన నిద్రపోలేదు. పెరట్లో ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆ అబద్ధం చెప్పింది నేనే.

ఇవాళ కూడా చెప్తాను.