లైటు తీసేశాక ఉండే బల్లులు

మా జువాలజీ సార్ పోయారని వాళ్ల ఇంటావిడ ఫోన్ చేసి చెబితే, “ఎవరు చూశారమ్మా?” అని అడిగాను. పక్కనే కూర్చుని చూసిన మనిషిని అడిగే మాటేనా అది! ఆయన దగ్గర అంటుకున్న అనుమానపు జబ్బు ఇంకా వదల్లేదు.

ఆబిడ్స్‌లో మా కాలేజీ, నాంపల్లిలో వాళ్ల ఇల్లు. గుంపుగా బతికే సరీసృపాలకు మెదడు పెద్దదవుతుందా అన్నది ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు. సార్ వాళ్ల వరండాలో ట్యూబ్‌లైటు చుట్టూ బల్లులు గుంపుగానే ఉంటాయి కదా, ఇంకేం కావాలి అనుకుని అదే రాసుకెళ్లాను. ఆయన సంతకం పెట్టలేదు. లేచి లైటు తీసేశారు. కాసేపయ్యాక టార్చి వేసి చూపిస్తే అన్నీ తలో దిక్కుకు పోయాయి.

“గుంపన్నవ్ గదా, ఏది? గవి పురుగుల కోసం వచ్చినయ్ బిడ్డా. ఒక్కతాన ఉండుడు వేరు, కలిసుండుడు వేరు. మెదడును పెంచింది దోస్తానా, ఉన్న జాగనా? ముందు గది తేల్చు.”

పుర్రెల కొలతలు తీసుకెళ్తే వాటినీ నమ్మలేదు. “బల్లికి మెదడు పుర్రె నిండ ఉండదు. ఇల్లు పెద్దగుంటే మంది ఎక్కువున్నట్టా?” చాయ్‌లో చక్కెర వేశానని ఇంటావిడ చెప్పినా చెంచాతో రుచి చూస్తేగానీ తాగని మనిషి. చివరికి సంతకం పెట్టిన రోజు నన్నే అనుమానించారు. “పనైపోయింది. ఇగ నువ్వు రావు.”

నాకు రోషం వచ్చింది. గన్‌ఫౌండ్రీలో ఉద్యోగం దొరికాక కూడా వెళ్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా “ఏం పని మీద వచ్చినవ్?” అనేవారు. ఏ పనీ లేదంటే నమ్మేవారు కాదు. ఆయన లెక్కలో నేనూ లైటు కింది బల్లినేనా అని నా అనుమానం. అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఆయన వెళ్లిపోయారు. చాలా దుఃఖంగా ఉంది.

దినాల రోజు భోజనాలయ్యాక జనమంతా సర్దుకుని వెళ్లిపోయారు. రాత్రి బాగా పొద్దుపోయాక సార్ ఇంటావిడ లేచి వరండా లైటు తీసేసింది.

“రోజూ ఈ టైముకు మీ సారే తీసేటోరు. నువ్వొచ్చిన నాడు మాత్రం నన్ను ముట్టనిచ్చేటోరు కాదు. ‘జర ఆగు, చీకటైతే ఆ పిల్ల లేచిపోతదేమో’ అనేటోరు.”

ఇద్దరం లేవకుండా అలాగే కూర్చున్నాం. గోడ మీద ఎక్కడో ఒక బల్లి పలికింది. కాసేపటికి ఇంకో మూల నుంచి ఇంకొకటి పలికింది. అది బదులేనని మాత్రం నేను చెప్పను, సార్ ఒప్పుకోరు.