చిన్న వై, పెద్ద ఎఫ్

కొండాపూర్‌లో ఇళ్లు కట్టే ఒక సంస్థలో, ఏ కట్టడానికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము పడుతుందో లెక్క కడతాను. కాలేజీ గడప తొక్కకుండా సొంతంగా నేర్చుకున్న పని కాబట్టి పదకొండేళ్లయినా నాది కాంట్రాక్టు ఉద్యోగమే. ఈమధ్య పర్మనెంటు చేయమని ఇంగ్లీషులో ఉత్తరం రాసి మేనేజరు గారికి ఇచ్చాను.

పక్క సీటు అమ్మాయి నా కాపీ చూసి నవ్వింది.

“ఏందన్నా, కింద గిట్ల రాసినవ్? యువర్స్‌ల వై చిన్నది, ఫెయిత్‌ఫుల్లీల ఎఫ్ పెద్దది! మొత్తం ఉల్టా!”

నేను ఆలోచించే రాశాను. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి, పెద్దక్షరం అంటే ‘గారు’ లాంటి మర్యాద అనుకున్నాను. ‘యువర్స్’ అంటే ‘మీవాడిని’, అంటే నేనే కదా అని నన్ను తగ్గించుకుని, విశ్వాసాన్ని పెద్దది చేశాను. ఆ మాటే ఆమెతో చెప్పాను.

“మర్యాద గిర్యాద ఏం లేదన్నా. మొదటి మాటకే పెద్దక్షరం, అంతే. సద్వుకోలేదని తెల్సిపోతది.”

వెంటనే సరిచేసిన ఉత్తరం ప్రింటు తీసుకుని మేనేజరు గదికి వెళ్లాను.

“సార్, ఆ కాగితం ఒకసారి ఇస్తారా? వై మార్చాలి.”

“ఏ వై అండీ? మనిషి పనిమంతుడు, తీసుకోవచ్చని రాసి పైకి పంపేశాను.”

పైకి అంటే పెద్దసార్లు కూర్చునే ఆరో అంతస్తు. లిఫ్టు బటన్ నొక్కాను. తలుపులు తెరుచుకున్నాక అనుమానం వచ్చింది. వెళ్లి అడిగితే, వాళ్లు చూడని తప్పును నేనే చూపించినట్టు. అడగకపోతే, చూస్తారేమో. తలుపులు మూసుకున్నాయి. మళ్లీ నొక్కాను.