ఉన్నోళ్లందరూ వచ్చిన సంఘం

పంపాపతికి సంఘం పిచ్చి. రాయచూరు సైగల దుబాసీల సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు అన్నీ ఆయనే. చెవిటి తల్లి కడుపున పుట్టి, మాటలకంటే ముందు సైగలు నేర్చినవాడు. హోటల్లో చాయ్ తాగాలన్నా తీర్మానం పెట్టేవాడు.

“బలపరిచేటోడు ఎవరు పంపన్నా?” అని హోటల్ ముసలయ్య అడిగితే, పక్క కుర్చీలోకి జరిగి “నేనే” అనేవాడు.

ఊరంతా నవ్వింది. చెవిటివాళ్ల తరఫున చుట్టాలే మాట్లాడి, వేలిముద్రలు వేయించుకుని, చేలు కాజేస్తుంటే మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. కోపమూ రాలేదు.

అందుకే సంఘానికి ఒక నియమం ఉండేది: సైగలు విప్పి చెప్పేటప్పుడు చుట్టం గదిలో ఉండకూడదు.

కాలువ నీళ్లొస్తున్నాయనగానే పక్కనున్న మట్మారి ఊరి చేలకు ధర లేచింది. ఆ ఊరి తాయప్ప తన చెవిటి అక్క ఉలిగెమ్మను రిజిస్ట్రీ ఆఫీసుకు పట్టుకొచ్చాడు. పెళ్లి లేక తమ్ముడింట్లోనే ఉంటున్న ఆమెకు తండ్రి రాసిచ్చిన చేను ఒకటుంది.

“అమ్మనీకి మా అక్క ఒప్పుకుంది సాబ్,” అన్నాడు తాయప్ప.

వరండాలో కాపు కాస్తున్న పంపాపతి లోపలికి దూరాడు. “సంఘానికి అభ్యంతరం ఉంది సాబ్! తమ్ముడు బయటికి పోవాలె.”

“ఏ సంఘమయ్యా? ఎంతమంది?” అన్నాడు రిజిస్ట్రారు వెంకోబరావు.

“ఉన్నోళ్లందరూ వచ్చిండ్రు సాబ్.”

వెంకోబరావు నవ్వాపుకోలేక తాయప్పను బయటికి పంపాడు.

తలుపు మూసుకోగానే ఉలిగెమ్మ చేతులు లేచాయి. విత్తనం చల్లినట్టు చూపి, పిడికిలి గుండెకు అదుముకుంది. తలుపువైపు చూపి, నోటిదాకా వచ్చిన ముద్దను ఎవరో లాక్కున్నట్టు చేసింది.

“ఇయ్యదంట సాబ్. చేను పోతే తమ్ముడు తిండి గూడ పెట్టడంట.”

వెంకోబరావు దస్తావేజు పక్కకు నెట్టాడు.

బయట తాయప్ప ఎదురొచ్చాడు. “ఏమన్నది మా అక్క?”

“మీ అక్క పాపం తల ఊపుతనే ఉంది. మా సంఘమే వేలిముద్ర పడనియ్యలేదు. నియమం నియమమే గద!”

“నీ సంఘం మన్నుగొట్టుకపోను! ఒక్కనివి, నీకొక సంఘమా?”

తాయప్ప నాలుగడుగులు దూరం పోయాక, కిటికీలోంచి వెంకోబరావు మెల్లగా పిలిచాడు. “ఆమె వద్దంది కదా? వాడికి అబద్ధం చెప్పావేం?”

“రాత్రికి ఆమె తినేది వాళ్లింట్లనే సాబ్. కోపం సంఘం మీదుంటే ఆమె రొట్టె ఆమెకు దక్కుతది.”

తాయప్ప చేతులు విసురుతూ తిట్టుకుంటూ పోతున్నాడు. వెనక నడుస్తున్న ఉలిగెమ్మ తిరిగి చూసి, ఎవరిని తిడుతున్నాడని సైగ చేసింది. పంపాపతి తన రొమ్ముమీద వేలు పెట్టుకుని, మీసం దువ్వాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తమ్ముడు చూసేలోగా నవ్వు మింగేసి, పెద్ద పెద్ద అడుగులేసింది.