ఏడో మడి సంచి

నా చిన్నప్పుడు మా ఊరికి తెలిసిన యూనివర్సిటీ ఉద్యోగం ఒక్కటే, పక్కింటి అక్కది. అదీ తాత్కాలికమే. కళ్యాణదుర్గం దారిలోని పరిశోధన పొలంలో కొత్త వేరుశనగ విత్తనాలను రకానికొకటిగా చిన్న చిన్న మడుల్లో నాటి, ఏ మడి ఎంత పండిందో తూచి రాయడం ఆమె పని. ఆ ఏటి లెక్కలు పట్టుకుని ఇంటర్వ్యూకు వెళితే ఉద్యోగం ఖాయమవుతుందని వాళ్లమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కాయలు పీకే రోజు కూలికి వెళ్లిన అమ్మ వెంట నేనూ వెళ్లాను. పంట ఎత్తాక నేలలో మిగిలిన కాయలు ఏరుకోవడం మా వైపు పిల్లల హక్కు. పరిగె అంటాం. సాయంత్రానికి నా ఒడి నిండింది. గట్టు మీద మడికొక సంచి, సంచికొక చీటీ. ఏడో మడి సంచి మాత్రం సగం కూడా లేదు. అది చూసి పెద్దసార్లు అక్కను తిడతారని నాకు గుబులు పట్టుకుంది. ఎవరూ చూడకుండా ఒడిలోని కాయలన్నీ అందులో పోసేశాను.

తూకం చూసి అక్క ముఖం వెలిగిపోయింది. నమ్మలేక రెండోసారి తూచింది. నేనెందుకు ఊరుకుంటాను? నా ఘనకార్యం గొప్పగా చెప్పేశాను.

అక్క గట్టు మీద కూలబడింది. నాకు ఏడుపు వచ్చింది. నేను పోసినన్ని తీసేస్తానన్నాను.

"నీవి ఏవో, మడివి ఏవో ఎట్ల తెలుస్తాదే?" అంది.

ఏడో మడి లెక్కకు పనికిరాదని నోటు పుస్తకంలో రాసింది. సంచులను గమనించుకోకపోవడం తన తప్పేనని పెద్దసారుతో చెప్పింది. ఆ ఉద్యోగం వేరెవరికో వెళ్లింది.

అమ్మ నోట సంగతి తెలిసి మా నాయన నా చెవి మెలిపెట్టి వాళ్లింటికి లాక్కెళ్లాడు. అక్క నన్ను విడిపించి పక్కన కూర్చోబెట్టుకుంది. "అది మంచి విత్తనమని రాసింటే మీ నాయనే తెచ్చి నాటుకుంటుండె. వాన రాకపోతే మీ చేను ఏమయితాది? తక్కువ పండితే తక్కువని రాసేదానికే నేను ఆడ ఉండేది" అంది.

మరుసటి ఏడూ తాత్కాలిక పనిలోనే ఉన్న అక్క అదే విత్తనం మళ్లీ నాటింది. కాయలు పీకే రోజు నన్నే పిలిచి సంచులకు కాపలా పెట్టింది. ఆ రోజు నేను ఒక్క కాయ కూడా నోట్లో వేసుకోలేదు.

పెద్దయ్యాక నాకూ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. "ఒక్క మార్కు ఎయ్యక్కా, పిల్లోడు బతుకుతాడు" అని ఎందరో గుమ్మంలో నిలబడ్డారు. నాకు జాలి లేక కాదు, అది కాస్త ఎక్కువే. పెన్ను మాత్రం కదిలేది కాదు.

మొన్న మా మనవరాలు ఫోనులో ఉద్యోగాల ప్రకటన చూపించి, పాఠాలు చెప్పేదా, పరిశోధనా, ఆఫీసు పనా, దేనికి పెట్టమంటావని అడిగింది. దేనికైనా పెట్టుకోమని, ముందు ఈ కథ చెప్పాను.

"మల్ల ఆ అక్కకు ఉద్యోగం వచ్చిందా అవ్వా?" అంది.

మూడేళ్లకు వచ్చింది. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆమె నా పేరు ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇన్నేళ్లలో ఎవరి తూకంలోనూ నేను మళ్లీ చెయ్యి పెట్టలేదు.