భార్యకు పంపిన మెమో

కాపురాన్ని కంపెనీ గేటు దాకా ఈడ్చుకొచ్చిన ఘనత సుల్తాన్‌పూర్ మొత్తంలో నాకొక్కడికే దక్కింది. ఎలాగో చెబుతాను, నవ్వకండి. సరే, నవ్వండి.

అప్పుడు నేను సిరంజీల ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజర్‌ని. ఏఐతో పని చేయించుకునే విద్య వీడియోలు చూసి నేర్చేసుకున్నానని తెగ మిడిసిపడేవాణ్ణి.

"ఉత్తగ అడిగితే పని కాదు మల్లేశన్నా. ముందుగాల దానికో వేషం కట్టాలె. 'నువ్వు కఠినమైన హెచ్ఆర్ మేనేజర్‌వి' అనాలె. ఎనక పాత మెమోలు నమూనాకు ఇయ్యాలె" అని తోటి సూపర్‌వైజర్‌కి పాఠం చెప్పి, డ్యూటీ ఎగ్గొట్టినవాళ్లకు మెమోలు రాయించాను. ఏం మెమోలండీ అవి! చదివితే నాకే చెమటలు పట్టాయి.

ఆ వారమే మా ఆవిడ సుజాత అలిగి బీరంగూడలోని పుట్టింటికి వెళ్లిపోయింది. వాళ్ల తమ్ముడి నిశ్చితార్థానికి వస్తానని చెప్పి ఓవర్‌టైమ్ చేశాను మరి. ఫోన్ ఎత్తదు. ఆమె లేక నాకు ముద్ద దిగడం లేదు. టీ బ్రేక్‌లో అదే చాట్ తెరిచి, "నా భార్య సుజాత చెప్పకుండా పుట్టింటికి పోయింది, తిరిగి రమ్మని రాయి" అని కొట్టాను. కట్టిన వేషం విప్పమనాలని తట్టలేదు. ఇంతలో సైరన్ మోగింది. చదవకుండానే ఆమెకు పంపేశాను.

షిఫ్ట్ దిగాక చూసుకుందును కదా!

"శ్రీమతి సుజాత గారికి. ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో వివరణ ఇవ్వగలరు. లేనిచో మీ స్థానంలో వేరొకరిని నియమించడం జరుగుతుంది."

వేరొకరిని!

మా మామ రిటైరైన యూనియన్ లీడర్. మెమో వస్తే ఇంట్లో కూర్చునే రకమా? మర్నాడు షిఫ్ట్ వదిలే వేళకు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాడు.

"మామా, అది నేను రాయలే, మిషన్ రాసింది."

"మేనేజ్‌మెంటోళ్లు ఎప్పుడు గిట్లనే అంటరు. నీ నంబర్ కెంచి వచ్చిందా, లేదా?"

సుజాత కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వేరేదాన్ని పెట్టుకుంటవంట గదా? పెట్టుకో!"

"నువ్వు లేక అన్నం తింటలేను సుజాతా. తప్పంత నాదే. ఇంటికి రా జెర" అన్నాను, షిఫ్ట్ షిఫ్టంతా చూస్తుండగా.

"గీ ముక్క ముందే రాస్తే ఏం పోయింది నీకు?" అంటూ ఒక అడుగు ముందుకేసింది.

మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు బిడ్డా! నోటిమాట చెల్లది. రాసియ్యమను."

సెక్యూరిటీ గార్డు దగ్గర పెన్ను అడుక్కుని అక్కడే రాసిచ్చాను. మాటల్లో పస లేదని మామ తిప్పికొడితే మళ్లీ రాశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై పెళ్లానికి రాసే ప్రతి అక్షరం సొంతంగా రాస్తాను, పైనుంచి కింది దాకా చదివాకే పంపుతాను. ఈ ప్రతిజ్ఞ కూడా ఏ యంత్రమూ రాసింది కాదు. సుజాత చెప్పింది, నేను రాశాను.